మిరుగు దాటాక చల్లే గింజలు

వానకాలం మొదలైందంటే మా బెల్లంపల్లిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “పురుగుల్ని తినే మొక్క గింజలున్నాయా సార్? పిల్లలకు చూపిద్దామని.” వాళ్ల మనసులో ఉండేది వీడియోల్లో చూసిన వీనస్ ఫ్లైట్రాప్. ఈగ వాలిందో లేదో ఆకు టప్పున మూసుకుంటుందే, అది. అందమైన మొక్కే, కాదనను. కానీ దాని సొంత ఊరు అమెరికాలోని రెండు కరోలినా రాష్ట్రాల తడి ఇసుక నేలలు. గింజ వేస్తే పూర్తి మొక్క కావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏటా చలికాలమంతా చల్లగా పడుకోవాలి. అంత ఓపికగా పెంచిన మొక్కను మన రోహిణి కార్తెకు అప్పగించడమంటే నాకు మనసొప్పదు.

అందుకే అడిగినవాళ్లందరికీ డ్రాసిరాతో మొదలుపెట్టమని చెబుతాను. ఇదీ పురుగుల్ని తినేదే, పైగా మన తెలుగు నేల మొక్కే. వానలతో మొలిచి, చలికాలంలో పూసి కాసి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. 45 డిగ్రీల వేడిని గింజగా మట్టిలో పడుకుని దాటేస్తుంది. ఇక మొక్కను ఎండకాలం ఎట్లా కాపాడాలన్న దిగులే ఉండదు.

మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు. డ్రాసిరా బర్మానీ రూపాయి బిళ్లంత, నేలకు అంటుకుని ఉంటుంది. మంచి ఎండ తగిలితే ఎర్రబడుతుంది. డ్రాసిరా ఇండికా జానెడు దాకా నిలువుగా పెరుగుతుంది, ఆకులు దారాల్లా సన్నగా ఉంటాయి. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే దీనికి మన దేశం పేరు పెట్టాడు.

ఒక్కసారి భూతద్దం పట్టి బర్మానీ ఆకును చూడండి. ఆకు నిండా ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో దాని కొసన మెరిసే జిగురు బొట్టు. దోమ వాలి కాలు అంటుకుందనుకోండి, విడిపించుకోవాలని గింజుకునేకొద్దీ పక్క బొట్లు కూడా పట్టుకుంటాయి. అంచున ఉండే పొడుగు వెంట్రుకలైతే కొన్ని సెకన్లలోనే లోపలికి వంగి దాన్ని ఆకు మధ్యకు తోస్తాయి. ఆ తర్వాత పని జీర్ణరసాలది. మిగిలేది ఒట్టి పెంకు.

చార్లెస్ డార్విన్ 1860 వేసవిలో ఇంగ్లండులో ఇలాంటి డ్రాసిరానే చూసి, వదల్లేక పదిహేనేళ్లు పరీక్షలు చేసి, 1875లో వీటి మీద పెద్ద పుస్తకం రాశాడు. కంటికి ఆనని వెంట్రుక ముక్క పెడితే ఆకు వంగుతుందట, వానచుక్క పడితే మాత్రం కదలదట. ముసురులో బతికే మొక్కకు ఆ తేడా తెలియకపోతే ఎట్లా మరి! ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1878లో ఇంకోటి తేల్చాడు: మాంసం తిన్న మొక్కలు తినని వాటికన్నా చాలా ఎక్కువ గింజలు కాస్తాయి. పురుగు నుంచి ఈ మొక్కకు కావలసింది నత్రజని. అది దొరకని, చవుడు లేని పేద నేల, తడి ఇసుక నేల దీని ఇల్లు. కాబట్టి యూరియా, పేడ, వర్మీకంపోస్టు కుండీ దరిదాపుల్లోకి రానీయకండి. ప్రేమతో వేసిన గుప్పెడు ఎరువే దీని ప్రాణం తీస్తుంది.

నీళ్ల సంగతి మనకు మరీ ముఖ్యం. పక్కనే దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తోందంటే చుట్టూ సున్నపురాయి ఉన్నట్టే కదా. మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లు దీనికి పనికిరావు. వాననీళ్లు పట్టుకోండి. అయితే మనది బొగ్గు ఊరు. డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోయేలా మొదటి జల్లులు పోనిచ్చి, తర్వాతివి పట్టండి. ఏసీ నుంచి కారే నీళ్లూ నడుస్తాయి. ఇసుక కూడా తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి. కొంచెం ఇసుక మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమని నురగ వచ్చిందా, అందులో సున్నం ఉంది, వద్దు.

మిరుగు (మృగశిర కార్తె) దాటి వానలు కుదురుకున్నాక, కడిగిన ఇసుక, పీట్ మాస్ సగం సగం కలిపి చిన్న ప్లాస్టిక్ కుండీలో నింపండి. కొబ్బరిపొట్టు వాడేట్టయితే ఉప్పు పోయేదాకా పలుమార్లు నానబెట్టి పిండాలి. గింజలు నల్లటి పొడిలా ఉంటాయి, ఊపిరి తగిలినా ఎగిరిపోతాయి. మడిచిన కాగితం మీంచి వేలితో తడుతూ పైపైన రాల్చండి. మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. కుండీని పళ్లెంలో పెట్టి, వేలెడు మందంలో నీళ్లు ఆ పళ్లెంలోనే పోయండి. వారానికోసారి అవి పారబోసి కొత్తవి పోయాలి, లేకపోతే దోమల్ని మనమే పెంచినట్టవుతుంది.

రెండు నుంచి నాలుగు వారాల్లో పచ్చటి చుక్కలు కనబడతాయి. అప్పుడు మళ్లీ భూతద్దం తీయండి. ఆవగింజంత కూడా లేని ఆ పసి మొక్క ఆకుల మీద అప్పుడే జిగురు బొట్లుంటాయి! నాకు ఈ పనిలో అన్నింటికన్నా ఇష్టమైన ఘడియ అదే. మెల్లగా ఎండకు అలవాటు చేయండి. మేత వెతికి పెట్టే పని లేదు, సన్నదోమలు వాటంతట అవే వస్తాయి. పూలు తమకు తామే ఫలదీకరణ చేసుకుంటాయి కనుక ఒక్క మొక్క ఉన్నా గింజలొస్తాయి. కాయ ఎండి నల్లబడ్డాక కాగితం మీద దులిపి, పొట్లం కట్టి, సీసాలో వేసి ఫ్రిజ్‌లో దాచండి.

మరి మొదటి గింజలెక్కడివి? ఇప్పటికే పెంచుతున్నవాళ్లను అడగడం మంచి పద్ధతి. జాలు పట్టిన చెల్కల్లోనో, ఒర్రె ఒడ్డున తడి ఇసుకలోనో మీకే కనబడితే మొక్కను పెకిలించకండి, వేరు కదిలితే బతకదు. కాయలు ఎండేదాకా ఆగి, నాలుగైదు మొక్కల నుంచి ఒక్కో కాయ తీసుకోండి. మిగతావి అక్కడే రాలాలి. వచ్చే ఏడు ఆ చోట మొలిచేది వాటి నుంచే.