గడపమీది వైద్యం

మా వాడరేవులో అరికాలిమీద గట్టిగా ఏది లేచినా దాని పేరు ఆనెకాయే. దానికి వైద్యమూ ఒకటే: బ్లేడు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి గనక ఆ వైద్యుడి పదవి నాకు దక్కింది. ఆదివారం అమ్మా నాన్నా వేన్నీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని గడపమీద కూర్చుంటే, నేను వరసగా చెక్కుకుంటూ పోయేవాణ్ణి. చివర్న నా వంతు. బ్లేడు మాత్రం ఒక్కటే. పొదుపు మరి!

నాది ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఎన్.సి.సి.లో నాకు దొరికిన బూట్లు ఒక సైజు తక్కువ. పెరేడంతసేపూ చిటికెనవేలు తోలుకి ఒరుసుకునేది. ఒత్తిడీ ఒరిపిడీ ఒకేచోట పడుతుంటే చర్మం తన్ను తాను కాపాడుకోడానికి మందమవుతుంది. ఆ మందం మధ్యలో మేకులా లోపలికి దిగితే అదే ఆనె. బూట్లు మార్చాను, తగ్గిపోయింది.

అమ్మది తగ్గలేదు. చేపల తట్టతో చీరాలదాకా ఆరేడు కిలోమీటర్లు నడిచిన మనిషి, నడకవల్లే అనుకున్నాం. ఆటోలో వెళ్ళడం మొదలెట్టాక కూడా మడమ దగ్గర ఒకటి కాస్తా మూడయ్యాయి. చెక్కినప్పుడల్లా నెత్తురు. చివరికి డాక్టరుగారికి చూపించాం. ఆయన పైనుంచి నొక్కితే అమ్మ ఊరుకుంది. రెండు పక్కలనుంచీ గిల్లినట్టు పట్టుకునేసరికి “అమ్మో” అని కాలు లాక్కుంది. పైపొర గీకి నన్ను దగ్గరకి పిలిచారు. లోపల సన్నటి నల్లచుక్కలు. గడ్డకట్టిన చిన్న రక్తనాళాలట అవి. అరికాలి గీతలు కూడా దానిమీదుగా పోకుండా పక్కకి తప్పుకున్నాయి.

“ఇది ఆనె కాదోయ్, పులిపిరి. వైరస్ వల్ల వస్తుంది. ఆనెకి ఈ చుక్కలుండవు, పైనుంచి నొక్కితేనే ఎక్కువ నొప్పి,” అన్నారు. తడినేలమీద వట్టికాళ్ళతో తిరిగితే చర్మం మెత్తబడి, ఏ చిన్న గాటులోంచో అది దూరుతుందట. రేవులో తడవని నేలెక్కడ?

నేను బ్లేడు సంగతి చెప్పాను. ఆయన ముఖం మారింది.

“అదే బ్లేడుతో ఇంకెవరికి చేశావు?”

“నాన్నకండీ.”

“ఆయనకి షుగరుందా?”

ఉంది. చాలా ఏళ్ళుగా ఉంది.

ఎంత లోతుగా చెక్కినా నాన్న కిక్కురుమనడు. అలివి వల లాగిన మనిషి, మొండిఘటం అని హాస్టల్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. షుగరు ఏళ్ళతరబడి అదుపులో లేకపోతే కాళ్ళ నరాలు మొద్దుబారతాయనీ, గాయమైనా తెలియదనీ, తెలిసేసరికి చీముపట్టి వేలో పాదమో తీసెయ్యాల్సి రావచ్చనీ ఆయన చెబుతుంటే నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. అలాంటివాళ్ళు ఆనెలకి మందుపట్టీ సైతం సొంతంగా వేసుకోకూడదట. అందులోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది. అమ్మకి ఆ జాతి మందే రాసిచ్చారు, నెలలు పట్టచ్చన్నారు. నాన్నని మర్నాడే తీసుకురమ్మని, ఆ రాత్రికి నాకో పని అప్పగించారు.

ఇంటికొచ్చి నాన్నని మంచంమీద కాళ్ళు చాపి కళ్ళు మూసుకోమన్నాను.

“వేలు తగిలినప్పుడల్లా చెప్పు నాన్నా.”

కుడికాలి బొటనవేలి కొస మెల్లగా తాకాను. తరవాత నడిమివేలు, చిటికెనవేలు. ఎడమకాలికీ అంతే.

“ఎంతసేపురా? మొదలెట్టు,” అన్నాడు నాన్న, కళ్ళు మూసుకునే.