గోడది బూడిద రంగు, వెలుతురు ఊదా

మొదట ఒక గోడ సంగతి చెబుతాను, వినండి. 1966లో అమెరికా టీవీలో మొదలైన పాత ‘స్టార్ ట్రెక్’ మీరు చూసి ఉంటే, ఎంటర్‌ప్రైజ్ అనే ఆ ఓడలోని గదుల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒకచోట గోడ ఊదాగా ఉంటుంది, ఇంకోచోట ఆకుపచ్చగా, మరోచోట నారింజ ఛాయలో. ఆ గదిని కంప్యూటర్‌లో మళ్లీ కట్టాలని కూర్చున్నవాళ్లు స్క్రీన్‌షాట్‌లోంచి ఆ ఊదా రంగునే ఎత్తి గోడకు పూస్తారు. రెండర్ చేసి, అంటే కంప్యూటర్‌తో బొమ్మ తీయించి చూస్తే గదిలో ప్రాణం ఉండదు. ఎందుకంటే అసలు గోడ బూడిద రంగుది. ఛాయాగ్రాహకుడు జెర్రీ ఫినర్‌మన్ లైట్లకు రంగు జెల్ పేపర్లు కట్టి, ఆ బూడిద గోడ మీద వెలుతురుతోనే రంగులు వేశాడు. ఉన్న కొద్ది సెట్లనే సామాను మార్చి, వెలుతురు మార్చి పలు గదులుగా చూపించేవారు. కాబట్టి మీరు కూడా గోడను బూడిదగా వదిలేసి, లైటు ఎక్కడ నిలబెట్టారో వెతకాలి. అది దొరికిన క్షణాన గది ఒక్కసారిగా వెలుగుతుంది. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పడానికే ఈ కబుర్లన్నీ.

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోని ఓడల లోపలి భాగాల్ని, అక్కడి కుర్చీల్ని, మీటల్ని, చేతి పరికరాల్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తిరిగి కట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. డబ్బు కోసం చేసే పని కాదిది. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఇక కావలసింది ఓపిక. బయటివాళ్లు చూసి ‘ఉన్నదానికి నకలు తీయడంలో గొప్పేముంది’ అంటారు. నేను ఒప్పుకోను. నకలు తీయాలంటే ముందు అసలు ఉండాలి కదా! ఇక్కడ ఆ అసలు చాలాసార్లు లేదు. సెట్ విరిచేశారు, ప్లైవుడ్ ఏమైందో తెలియదు. మిగిలిందల్లా కెమెరా చూసినంత మేరే. చూడనిదాన్ని కూడా కట్టాలి మరి.

అలాగైతే కొలతలు ఎక్కడివి అంటారా? ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఫ్రేమ్‌లో మనకు కొలత తెలిసిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు. ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జ్ మీద, అంటే ఓడ నడిపే ఆ గుండ్రటి గదిలో, సిబ్బంది కూర్చునే కుర్చీలు చూడండి. అవి అంతరిక్షం కోసం పుట్టినవేం కావు, టెక్సస్‌లోని బర్క్ అనే ఫర్నిచర్ కంపెనీ కుర్చీలు. డిజైనర్ సారినెన్ గీసిన ట్యూలిప్ కుర్చీకి దగ్గరగా ఉండటంతో చాలామంది ఇవి ఆ ట్యూలిప్ కుర్చీలే అనుకుంటారు. ఆ బర్క్ కుర్చీలు పాత సామాను బజార్లలో అప్పుడప్పుడూ తగులుతాయి. టేపు పట్టి కుర్చీ ఎత్తు కొలిచారనుకోండి, దాన్నిబట్టి బల్ల ఎత్తు తేలుతుంది, బల్లనుబట్టి రెయిలింగు, రెయిలింగునుబట్టి మెట్టు, మెట్టునుబట్టి గది వ్యాసం. ఒక కుర్చీలోంచి ఓడంతా బయటికొస్తుంది. కాకపోతే కెమెరా లెన్స్ ఏదో కూడా పట్టుకోవాలి. వైడ్ లెన్స్ గదిని సాగదీస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే గోడలు ఒకదానికొకటి అతకవు.

ఈ బ్రిడ్జ్ గీసినవాడు మ్యాట్ జెఫ్రీస్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల్లో పనిచేసినవాడు, అందుకే ఆయన గదిలో ప్రతి మీటా ఒక మనిషి చేతికి అందే చోటే ఉంటుంది. కానీ అది సెట్ కూడా కదా. గుండ్రటి గదిని ముక్కలు ముక్కలుగా, విడదీయగలిగేట్టు కట్టారు. కెమెరా ఎక్కడ నిలబడాలో అక్కడి ముక్కను తీసి పక్కకు జరిపేవారు. నడవలకు పైకప్పు దాదాపు ఉండదు, లైట్లన్నీ పైనుంచే దిగుతాయి. మోడల్ చేసేవాడికి ఇక్కడ నిజమైన ధర్మసంకటం. పైకప్పు వేస్తే గది పూర్తవుతుంది, కానీ మనకు అలవాటైన ఆ వెలుతురు పోతుంది. వేయకపోతే వెలుతురు ఉంటుంది, కానీ అది ఓడలోని గది కాదు, స్టూడియోలోని సెట్ అవుతుంది. ఇందులో రెండు మార్గాలవాళ్లూ ఉన్నారు. స్టూడియోలో ఉన్నది ఉన్నట్టు, మేకు గుర్తుతో సహా కట్టేవాళ్లు ఒకరు. కథలో ఆ ఓడ నిజంగా ఉంటే ఎలా ఉండేదో కట్టేవాళ్లు ఇంకొకరు. నా మనసు మొదటివాళ్ల వైపే మొగ్గుతుంది. ప్లైవుడ్ అంచున రంగు పెచ్చులూడిన చోట ఒక వడ్రంగి కనిపిస్తాడు నాకు.

రెండో దారిలో వెళ్లేవాళ్లకు ఎన్ని చిక్కులో చెబితే మీరు నమ్మరు. బ్రిడ్జ్ మధ్యలో నిలబడి ముందున్న పెద్ద తెరవైపు చూస్తే, లిఫ్ట్ తలుపు సరిగ్గా వెనక ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. బయటి ఓడ నమూనాలోనేమో లిఫ్ట్ గొట్టంలా కనిపించే ఉబ్బు సరిగ్గా వెనక మధ్యలో ఉంది. లోపలిది, బయటిది కలవవు. 1975లో ఫ్రాంజ్ జోసెఫ్ అనే డ్రాఫ్ట్స్‌మన్ (అంతకుముందు విమాన పరిశ్రమలో గీతలు గీసిన మనిషి) ఓడ మొత్తానికి ప్లాన్లు గీసి అచ్చువేసినప్పుడు, బ్రిడ్జ్‌ను ఏకంగా 36 డిగ్రీలు పక్కకు తిప్పేశాడు. అంటే కెప్టెన్ ఓడ వెళ్లే దిక్కుకు కాస్త ఓరగా కూర్చుంటాడన్నమాట! దాని మీద వాదన ఇప్పటికీ తెగలేదు. గెలీలియో అనే చిన్న నౌకదీ అదే కథ. బయటి నమూనా చిన్నది, అందులో పెద్దవాళ్లు నిటారుగా నిలబడలేరు. లోపలి సెట్‌లో మాత్రం హాయిగా తిరుగుతుంటారు. లోపలిదాన్ని బయటిదాంట్లో ఇమడ్చాలని చూసినవాళ్లు ఏదో ఒకదాన్ని సాగదీయక తప్పదు. ఆ నమూనా ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పాడై, చివరికి అభిమానుల చేతుల్లో బాగుపడి, 2013లో హ్యూస్టన్‌లోని అంతరిక్ష కేంద్రానికి చేరింది.

ఇక చేతి వస్తువుల సంగతికొద్దాం. ఎంటర్‌ప్రైజ్ వైద్యుడు డాక్టర్ మెకాయ్ చేతిలో మెరిసే శస్త్రచికిత్స పరికరాలు కొన్ని ఉప్పు డబ్బాలు. మొదట ప్రసారమైన కథలో ఉప్పు కోసం అల్లాడే ఒక ప్రాణి ఉంది. దానికోసం కొత్త డిజైన్ల ఉప్పు డబ్బాలు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు డబ్బాల్లా లేవు, చూసేవాళ్లు పోల్చుకోలేరని పక్కన పెట్టి వైద్యుడికిచ్చేశారు. ‘స్టార్ వార్స్’లో కథానాయకుడు ల్యూక్ పట్టుకునే లైట్‌సేబర్ (వెలుతురు కత్తి) పిడి గ్రాఫ్లెక్స్ అనే పాత ప్రెస్ కెమెరా ఫ్లాష్ పట్టుకునే గొట్టం. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక కెమెరా దుకాణంలో వాటిని చూసి తెచ్చాడు. పక్కన మెరిసే బుడిపెల పట్టీ ఒక పాత కాలిక్యులేటర్‌లో అంకెల్ని పెద్దగా చూపే భూతద్దం. ల్యూక్ గురువు ఓబీ వాన్ కత్తి పిడిలో ఒక రోల్స్ రాయిస్ జెట్ ఇంజన్ భాగం ఉంది. ఇవన్నీ ఎవరు కనిపెట్టారనుకున్నారు? అభిమానులే. సినిమాను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి, పాత సామాను గుట్టల్లో వెతికి పోల్చుకున్నారు. మోడల్ చేసేవాడికి ఇది వరం. గొట్టం ఎంత మందమో ఊహించక్కర్లేదు, వస్తువు పేరు తెలిస్తే కొలతలు దొరుకుతాయి. అయితే ఒక్కటి. సినిమా పిడికి కావాలని పాత గ్రాఫ్లెక్స్ ఫ్లాషులు కొని విరిచేస్తుంటే పాత కెమెరాలు దాచుకునేవాళ్ల గుండె మండింది. నిజమే మరి. కంప్యూటర్‌లో కట్టేవాడు ఎవరి కెమెరానూ విరవడు. ఈ పనిలో నాకు నచ్చే సుగుణాల్లో ఇదొకటి.

‘ఏలియన్’ సినిమాలోని నోస్ట్రోమో ఓడ దగ్గర కాసేపు కూర్చుందాం. 1979లో వచ్చిన సినిమా. ఇంగ్లండులోని షెపర్టన్ స్టూడియోలో నడవలూ గదులూ ఒకదానికొకటి అతుక్కునేలా కట్టారు. ఒకసారి లోపలికి వెళితే నడుచుకుంటూనే బయటికి రావాలి. ఈ ఓడకు తక్కువ ఎత్తులో పైకప్పులూ ఉన్నాయి, ఆ ఊపిరాడనితనం అందుకే. తుక్కు విమానాల భాగాలు టన్నుల కొద్దీ కొని గోడలకు బిగించారు. లోపలి రూపు గీసిన రాన్ కాబ్ ప్రతి తలుపుకూ ఒక గుర్తు రూపొందించాడు. ఇక్కడ గాలి పీడనం ఉంది, ఇక్కడ లేదు, ఇక్కడ గురుత్వం లేదు అని చెప్పే చిన్న చిన్న బొమ్మలు. తెర మీద అరక్షణం కనిపిస్తాయి, కానీ వాటిని తీసేసి చూడండి, ఓడ వెలవెలబోతుంది.

మనవాళ్లు చూస్తే ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. ఆ ఓడలో ఒకచోట కనిపించే కీబోర్డు మీద బొత్తాలకు ‘శక్తి ఎక్సెస్’, ‘పద్మే’, ‘లింగ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. దానికి అక్షరాలు సమకూర్చాల్సిన సైమన్ డీరింగ్ అప్పట్లో మేడమ్ బ్లావట్‌స్కీ ‘ది సీక్రెట్ డాక్ట్రిన్’ చదువుతున్నాడట. చేతిలో ఉన్న పుస్తకంలోంచి మాటలు ఎత్తి బొత్తాలకు పెట్టేశాడు. ఆవిడ దివ్యజ్ఞాన సమాజం 1882 నుంచీ మద్రాసు అడయారులోనే కదా ఉన్నది! అలా మన పూజగది మాటలు నోస్ట్రోమో ఎక్కాయి. అలాంటి చిన్న అక్షరాన్ని మోడల్‌లో సరిగ్గా దించడానికి ఒక రాత్రి పోయినా నాకు బాధ లేదు.

నోస్ట్రోమో లాంటి ఓడను కట్టాలంటే మురికి తెలియాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట నొక్కితే అంచులన్నిటికీ సమానంగా గీతలు పడతాయి. అది అబద్ధం. తలుపు ఎక్కడ మనిషి చేయి పడుతుందో అక్కడే రంగు పోతుంది. మూడు బొత్తాల్లో రోజూ నొక్కేది ఒకటే ఉంటుంది, అదొక్కటే నునుపు తేలుతుంది. మెట్టు మధ్యలో అరుగుతుంది, మూలన దుమ్ము పడుతుంది. మీ ఇంటి గేటు గడియను చూడండి, పాఠమంతా అక్కడే ఉంది.

పోయిన సెట్ల మాట ఎత్తాం కదా. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం విమానాల కంపెనీ వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 38 అడుగుల వ్యాసంతో తిరిగే చక్రం లాంటి సెట్ కట్టింది. సినిమా అయ్యాక వేరేవాళ్లు వాడకూడదని దర్శకుడు కూబ్రిక్ సెట్లూ నమూనాలూ లేకుండా చేయించాడు. 1984లో దాని తర్వాతి కథ ‘2010’ తీసినప్పుడు డిస్కవరీ ఓడను ఎలా కట్టారనుకున్నారు? పాత సినిమా ఫ్రేముల్ని పెద్దవి చేసి, వాటిని చూసి కట్టారు. మన అభిమానులు చేసేదే స్టూడియోవాళ్లూ చేయాల్సి వచ్చింది. 1992లో ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్’లో పాత బ్రిడ్జ్ కొద్ది నిమిషాలు కావలసి వచ్చినప్పుడు ఒక అభిమాని తయారుచేసుకున్న కన్సోల్‌ను అద్దెకు తెచ్చుకున్నారు. వెనకవైపు ఖాళీ బ్రిడ్జ్ కోసం పాత ఎపిసోడ్ ఒకదాంట్లోని షాట్ వాడుకున్నారు. హక్కులున్నవాళ్ల దగ్గర లేనిది ఇష్టపడ్డవాడి ఇంట్లో దొరికింది.

అందుకే 2018లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. స్టేజ్ 9 అనే అభిమానుల బృందం ‘నెక్స్ట్ జెనరేషన్’లోని ఎంటర్‌ప్రైజ్ డి ఓడ లోపలంతా తిరిగి చూడగలిగేలా అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ సాఫ్ట్‌వేర్‌లో కడుతూ వచ్చింది. నడవలో నడవొచ్చు, లిఫ్ట్ ఎక్కొచ్చు, అంతా ఉచితం. హక్కుదారైన సీబీఎస్ నుంచి ఆపమని లేఖ వచ్చింది, ఆపేశారు. చట్టం ప్రకారం వాళ్లకు ఆ హక్కుంది, కాదనను. కానీ డబ్బు అడగని పనిని చర్చలతో ఒక దారిలో పెట్టి ఉండొచ్చనే నేనంటాను. కొన్నేళ్లకు ‘స్టార్ ట్రెక్’ సృష్టికర్త రాడెన్‌బెరీ కుటుంబం వైపువాళ్లు ఓటాయ్ అనే కంపెనీతో కలిసి రకరకాల ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జ్‌లన్నిటినీ డిజిటల్‌గా కట్టించి, 2023లో అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎంత బాగుందో! ఓడ లోపల తిరిగి చూడాలనే అభిమానుల కోరికకు విలువుందని అలా ఒప్పుకున్నట్టే కదా.

ఇంత విన్నాక మీకూ చేయాలనిపిస్తే మొత్తం ఓడతో మొదలుపెట్టకండి. ఒక తలుపు తీసుకోండి, లేదా ఒక కుర్చీ. ఇంకో ఆశ కూడా ఉంది నాకు, చెప్పనా? సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది. కృష్ణదేవరాయల కొలువుకూ 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లిన ఆ టైమ్ మెషీన్‌ను చిన్నప్పుడు చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. దాన్ని లోపలా బయటా మీటమీటకూ పట్టి కట్టినవాళ్లుంటే నాకు చూడాలనుంది. కొలతల కోసం కంగారు పడక్కర్లేదు. దాని పక్కన నిలబడ్డ మనుషులున్నారు, వాళ్ల ఎత్తు నుంచి మొదలుపెట్టండి. కెమెరా ఎప్పుడూ చూపించని వెనకవైపుకు వచ్చేసరికి ఏం చేశారో, ఏది ఊహించారో, అది మాత్రం నాకు తప్పకుండా చెప్పాలి.