పంతంగి దగ్గర మూడు గంటలు

ప్రయాణమంటే మనవాళ్ళు వర్జ్యం చూస్తారు, దుర్ముహూర్తం చూస్తారు, వారశూల చూస్తారు. అన్నీ చూసుకుని గుమ్మం దాటుతారు. అయితే హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి వుందే, సంక్రాంతికి ముందు రెండు రోజులూ అది ఏ పంచాంగానికీ లొంగదు. దాదాపు 270 కిలోమీటర్ల దారి. మామూలు రోజుల్లో పొద్దున కాఫీ తాగి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి బెజవాడలో వుండవచ్చు. పండుగ ముందు మాత్రం ఊరికి ఊరే చక్రాల మీద కదిలి వచ్చినట్టుంటుంది.

2023 జనవరి 13. మర్నాడు భోగి. తెనాలి దగ్గర మా పల్లెకు బయలుదేరాం: నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, డెబ్బయ్యారేళ్ళ మా అమ్మ. దారికి పులిహోర కలుపుతానని మా ఆవిడ అంటే నేనే వద్దన్నాను. "దారి పొడుగునా హోటళ్ళే కదా! పైగా పండక్కి మన ఊరికి పిండివంటలు పట్టుకుపోవడం కొల్లేటికి చేపలు మోసుకుపోవడం లాంటిది" అని ఒక చమత్కారం కూడా విసిరాను. పాఠం చెప్పేవాడికి నోటి దురద ఎక్కువ. దాని ఫలితం చౌటుప్పల్ దాటగానే అనుభవానికి వచ్చింది.

అమ్మకు చాలా ఏళ్ళుగా మధుమేహం. పొద్దున తిండికి ముందు ఇన్సులిను సూది వేసుకోవాలి. చౌటుప్పల్లో ఏడున్నర అయింది. "ఇంకో అరగంటలో చిట్యాల. వేడి వేడి ఇడ్లీ తిందువుగాని, సూది వేసుకో అమ్మా" అన్నాను. ఆవిడ వేసుకుంది. పట్టుమని పది నిమిషాలు గడవకుండా కారు ఆగింది. ముందు పంతంగి టోలుగేటు. దానికీ మాకూ మధ్య కనుచూపుమేర కార్ల వీపులే.

ఎనిమిదయింది. ఎనిమిదిన్నర అయింది. మొదట పిల్లలు కార్ల నంబర్లు కూడి ఆడుకున్నారు. తరువాత ఆట మీద విసుగు పుట్టింది. అమ్మ మాట్లాడడం తగ్గించింది. చూస్తే నుదుట చెమట. బయట జనవరి చలి! చేతులు వణుకుతున్నాయి. "అత్తయ్యా, అత్తయ్యా" అని మా ఆవిడ పిలిస్తే "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానే" అన్నది. నా గుండె జారిపోయింది. సూది మందు తన పని తాను చేస్తున్నది, తిండి మాత్రం లేదు. కారులో వున్నవల్లా రెండు నీళ్ళ సీసాలు.

కారు దిగి పక్కనున్న బస్సు కిటికీల దగ్గరికి పరుగెత్తాను. "ఎవరి దగ్గరైనా చక్కెర వుందా అండీ?" అని బిచ్చగాడిలా అరిచాను. సూర్యాపేట పోతున్న ఒక పెద్దాయన గ్లూకోజు పొట్లం తీసి యిచ్చాడు. మనవడికి బస్సెక్కితే వాంతులట, అందుకని తెచ్చుకున్నాడు. "నీళ్ళల్ల కలిపి తాపుండ్రి సారూ, జర సేపట్ల కుదురుకుంటది" అన్నాడు. అదృష్టవశాత్తు అమ్మకు మింగే తెలివి వుంది. పావుగంటకు కళ్ళు నిలిపి చూసింది. ఆ వెనకే ఆయన భార్య రెండు జొన్నరొట్టెలు అందించింది. నా చమత్కారమంతా ఆ రొట్టెల ముందు వెలవెలపోయింది.

మేము గేటు దాటేసరికి పదిన్నర దాటింది. ఆ మూడు గంటలూ ఆలోచించడానికి బోలెడు తీరిక దొరికింది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగు తప్పనిసరి చేశారు కదా, ఇంకా ఈ తిప్పలెందుకు? ఖాతాలో డబ్బు చాలని కారొకటి గేటులో నిలిచిందంటే చాలు, వెనక వందమంది నిలుస్తారు. రెండో కారణం మనమే. జపానులో కొందరు పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ఆ సంగతి 2008లో ప్రచురించారు. గేటు లేదు, గొయ్యి లేదు, అయినా కాసేపటికి కార్లు వాటంతటవే ఆగిపోయాయి! ఒకరు కాస్త తగ్గితే వెనకవాడు మరికాస్త తగ్గుతాడు, ఆ వెనకవాడు ఆగనే ఆగుతాడు. కనుక సందు కనబడగానే దూరేవాడు దారి సంపాదించడు, వెనకవాళ్ళకు మరొక ఆగుడు సంపాదిస్తాడు. నాలుగు బారల ఎడం వదిలి నెమ్మదిగా సాగేవాడే అందరికీ ఉపకారి.

అప్పటినుంచి మా ఇంట్లో కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. తిండి కంచంలోకి వచ్చాకనే అమ్మకు సూది. పులిహోర, అరటిపళ్ళు, మనిషికి రెండు సీసాల నీళ్ళు, గ్లూకోజు పొట్లం చేతికందే చోట, సామాన్ల అడుగున కాదు. మందులు ఒక రోజుకు ఎక్కువే. ముందురోజే ట్యాంకు నిండా పెట్రోలు, ఫాస్టాగులో డబ్బు. ఆపదలో పిలవడానికి జాతీయ రహదారుల 1033 నంబరు కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించాం. గుంటూరు వైపువారికి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా వేరే దారి వుంది. నార్కట్‌పల్లి దగ్గర మళ్ళి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగానూ పోవచ్చు, కాని పంతంగి దాటాకనే ఆ మలుపు. అన్నిటికన్నా మేలైనది మరొకటి: సెలవు దొరికితే రెండు రోజులు ముందే వెళ్ళడం.

ఆ రాత్రి ఊరు చేరేసరికి వీధిలో భోగిమంటకు దుంగలు పేర్చి వున్నాయి. తెల్లవారుజామున అమ్మ మంట దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ, "ఆ పెద్దాయన పేరయినా అడిగావట్రా?" అన్నది. అడగలేదు. ఆ తొందరలో నమస్కారం కూడా సరిగ్గా పెట్టలేదు. ఏటా పంతంగి గేటు దాటేటప్పుడు మా సంచిలో గ్లూకోజు పొట్లాలు రెండుంటాయి. ఒకటి మాకు. రెండవది, కిటికీ దగ్గరికి పరుగెత్తుకు వచ్చే మరెవరికో.