పిడికెడు బియ్యం

సంఘ కమిటీలో లెక్కలు చూసిన ఆరేళ్లూ నా నోట ఎక్కువగా వచ్చిన మాట "డబ్బులెక్కడివి?" ఆదివారం బడికి ఇంకో గది కావాలన్నా అదే మాట, కుర్రాళ్లు పక్క పల్లెలో కూడిక పెడతామన్నా అదే. అది జాగ్రత్త అనుకునేవాణ్ణి. చివరికి వాళ్లు అడగడం మానేశారు. ఖాతాలో డబ్బు మాత్రం భద్రంగా ఉంది!

మిజోరాం సంగతి చదివాక మనసు కలుక్కుమంది. 1910 నుంచి అక్కడి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెడుతున్నారు. అప్పట్లో రొక్కం అంతగా ఆడని కొండపల్లెలు అవి. ఆ గింజలే పోగై, అమ్ముడై, సువార్త పనికి ఆధారమయ్యాయి. మన డోర్నకల్లో అజరయ్య బిషప్పు కూడా కూలినాలి చేసుకునే విశ్వాసుల దగ్గరే కానుక అడిగారు. వాళ్లను బీదలని పక్కన పెట్టలేదు.

అలాగని, ఇస్తే వందరెట్లు వస్తుందనే వేదికల మాట నాకు గిట్టదు. అది పేదవాడి జేబు మీద కన్ను.

ఆ మొదటి మిజో ఇల్లాలు నాలా పద్దుపుస్తకం ముందేసుకుని ఉంటే?

మొన్న ఆ కుర్రాళ్లలో ఒకణ్ణి పిలిచి, "కూడికకు ఏం కావాలిరా?" అన్నాను.

"చాపలు, డోలక్కు. రెండూ ఉన్నాయంకుల్" అన్నాడు.