కలిపీ కలపని పిండి

అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలు తలా ఒక వంటకం చేసుకుని భోజనాలకి చేరితే, పులిహోర పక్కన తరచూ ఒక మామిడి పై కనపడుతుంది. డబ్బాలో వచ్చే కేసర్ మామిడి గుజ్జు, క్రీమ్ చీజ్, పంచదార, గట్టిపడడానికి జెలటిన్, శాకాహారులైతే అగర్ అగర్. అడుగున ఉండే క్రస్ట్ మాత్రం ఎవరూ చెయ్యరు. గ్రాహమ్ బిస్కెట్ల పొడిని రేకు పళ్లెంలో అదిమి షాపుల్లో అమ్ముతారు. అది తెచ్చి, గుజ్జు పోసి, ఫ్రిజ్‌లోకి తోసెయ్యడమే. బాగానే ఉంటుంది, నేనూ రెండోసారి వడ్డించుకుంటాను. కానీ దాన్ని పై అనడానికి నాకు మనసొప్పదు. క్రస్ట్ అన్నాక కొరికితే పొరలు పొరలుగా విడిపోవాలి, సగం ఒళ్లో రాలాలి, ఇల్లంతా కాలిన వెన్న వాసన రావాలి.

ఓవెన్లో కాల్చుకునే అసలు రకం క్రస్ట్ కూడా షాపులో దొరుకుతుంది. కొనేముందు అట్టపెట్టె వెనక్కి తిప్పి చదువుకోవాలి. కొన్నిటిలో ‘లార్డ్’ ఉంటుంది, అంటే పంది కొవ్వు. వాళ్లేదో మోసం చేశారని కాదు. ఇక్కడి పల్లెల్లో పై అంటే ఎక్కువగా దానితోనే చేసుకునేవారు. పొరలు కూడా భేషుగ్గా వస్తాయి. మన ఇళ్లల్లో చాలామందికి కుదరదు, అంతే. నేను ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టింది అందుకే.

నిజానికి ఇది ఇంటి పనే. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ పుస్తకం, అమెరికా మనిషి రాసి అమెరికాలోనే వేసిన మొదటి వంటల పుస్తకంగా పేరున్నది, క్రస్ట్ పిండి రకాలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చింది. తీరా గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి ఫలానా నంబరు పిండి వాడుకోండని ఒక్క ముక్కలో తేల్చేసింది. చదివేవాళ్ల చేతికి అది ఎలాగూ వచ్చేదేనన్న ధీమా!

సరుకులు నాలుగే. తొమ్మిది అంగుళాల పళ్లేనికి మైదా 150 గ్రాములు, వెన్న 113 గ్రాములు (అమెరికాలో ఒక కడ్డీ వెన్న తూకం ఇంతే), అర చెంచా ఉప్పు, మూడు నాలుగు పెద్ద చెంచాల ఐసు నీళ్లు. బేకరీవాళ్ల లెక్క ఇంకా తేలిక. తూకంలో పిండి మూడు పాళ్లు, కొవ్వు రెండు, నీళ్లు ఒకటి. కొలతలు ఇంతటితో సరి. మిగిలిందంతా చేతి పని, అదీ మన చేతులు నేర్చుకున్నదానికి పూర్తిగా అడ్డం.

మనకి పిండి ఎంత మర్దిస్తే అంత మంచిది. బొబ్బట్ల పిండైతే నూనెలో నానబెట్టి, సాగదీసినా తెగనంత వరకూ వదలం. గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అని రెండు మాంసకృత్తులున్నాయి. వాటికి నీళ్లూ, చేతి ఒరిపిడీ తగిలితే ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే అల్లికగా మారతాయి. చపాతీకి అదే ప్రాణం. క్రస్ట్‌కి అదే శత్రువు. మర్దించిన పిండితో చేసిన క్రస్ట్ నమిలితే సాగుతుంది, పైగా ఓవెన్లో ముడుచుకుపోయి పళ్లెం అంచుల నుంచి కిందికి జారుతుంది.

కజ్జికాయల పిండి తెలిసినవాళ్లకి సగం సంగతి తెలిసినట్టే. మైదాలో కాచిన నెయ్యి పోసి రెండు చేతులా రుద్దుతాం, గుప్పిట పట్టి చూస్తాం, ముద్ద నిలిస్తే నెయ్యి చాలినట్టు. వేడి నెయ్యి రేణువు రేణువుకీ పట్టి, నీళ్లని లోపలికి చొరనివ్వదు. అందుకే కజ్జికాయ గుల్లగా విరుగుతుంది. విరుగుతుంది గానీ పొరలుండవు. క్రస్ట్‌కి గుల్లతనమూ కావాలి, పొరలూ కావాలి. కాబట్టి ఇక్కడ వెన్న కరగకూడదు, పిండిలో పూర్తిగా కలిసిపోనూ కూడదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నని ముక్కలు కోసి పిండిలో వేసి, వేళ్ల కొసలతో గబగబా చిదిమి, ఇంకా బఠాణీ గింజంత ముక్కలు మిగిలి ఉండగానే చెయ్యి తీసెయ్యాలి. అరచెయ్యి తగలనివ్వకూడదు, దాని వేడి ఎక్కువ. తర్వాత అప్పడాల కర్ర కింద పడి ఆ ముక్కలే పల్చటి రేకులవుతాయి. ఓవెన్ వేడికి రేకు కరిగి చోటు వదులుతుంది. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్లే గనక, ఆ నీరు ఆవిరై పై పొరని ఎత్తి పట్టుకుంటుంది. తాపేశ్వరం మడత కాజాకి పొరలు శ్రద్ధగా వేసిన మడతల వల్ల వస్తాయి. దీనికి వంట చేసేవాళ్ల నిర్లక్ష్యం వల్ల వస్తాయి, కాకపోతే కావాలని చేసే నిర్లక్ష్యం.

ఐసు నీళ్లు చిలకరించి పైపైన కలిపి వదిలేశాను. తణుకు నుంచి వచ్చిన మా అత్తయ్యకి ఇది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

“అమ్మాయ్, అడుగున పొడిపిండి అలాగే ఉండిపోయింది.”

“ఉండాలి అత్తయ్యా.”

“వెన్న ఉండలు కనపడుతున్నాయి.”

“కనపడాలండి.”

“కాసిని నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు మర్దిస్తే దారికొస్తుంది. ఇటివ్వు.”

గిన్నె వదలకుండా పట్టుకోవడానికి నాకు తగినంత మొండితనం కావలసి వచ్చింది. ఆవిడ చెప్పిందీ న్యాయమే, చూడ్డానికి అది పిండిముద్ద కాదు, తడిసిన పొడి. గుప్పెడు తీసి నొక్కితే నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అక్కడ ఆగిపోవాలి. ఆ పొడిని అలాగే ప్లాస్టిక్ కవర్లోకి ఒంపి, పైనుంచి నొక్కి, అంగుళం మందాన బిళ్ల చేసి ఫ్రిజ్‌లో పెడితే, గంటసేపట్లో అత్తయ్య చేస్తానన్న పని నీళ్లే చేసుకుంటాయి. తడి పొడిపిండిలోకి పాకుతుంది, కాస్తో కూస్తో బిగుసుకున్న గ్లూటెన్ సడలుతుంది, వెన్న మళ్లీ గడ్డకడుతుంది.

2007లో కుక్స్ ఇలస్ట్రేటెడ్ అనే ఇక్కడి పత్రిక, నీళ్లలో సగానికి బదులు వోడ్కా పొయ్యమంది. ఆల్కహాల్‌లో గ్లూటెన్ తయారవదు, అందుకని తడి కాస్త ఎక్కువైనా క్రస్ట్ గట్టిపడదు, కాలేటప్పుడు చాలామటుకు ఎగిరిపోతుంది. తర్కానికి వంక పెట్టలేం. కానీ పక్కనే దేవుడి గూడున్న వంటింట్లో, అత్తయ్య ఎదురుగా ఆ సీసా తియ్యడం నా వల్ల కాదు.

వెన్న బదులు వాడే క్రిస్కోని చూస్తే ఆవిడ వెంటనే గుర్తుపట్టారు, “ఇది డాల్డాయే కదూ!” అని. అవును, వరసకి అక్కాచెల్లెళ్లు. 1911లో సిన్సినాటిలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, అప్పటికి సబ్బులకీ కొవ్వొత్తులకీ పేరుపడ్డ కంపెనీ, పత్తిగింజల నూనెని హైడ్రోజన్‌తో గట్టిపరిచి క్రిస్కోగా అమ్మింది. అదే పద్ధతిలో 1937లో మన దగ్గర డాల్డా వచ్చింది. ఇలాంటి కొవ్వుల్లో నీళ్లుండవు, వెన్న కరిగే వేడికి కరగవు, చేతిలో చెప్పినట్టు వింటాయి. 1961లో సహరచయితలతో కలిసి ఫ్రెంచి వంటల పుస్తకం తెచ్చిన జూలియా చైల్డ్ కూడా అమెరికా మైదాకి వెన్నతో పాటు ఇది కొంచెం కలపమన్నారు. పాత క్రిస్కోతో వచ్చిన తంటా ట్రాన్స్ ఫ్యాట్. పాక్షికంగా హైడ్రోజన్ ఎక్కించిన నూనెలు సురక్షితం కాదని ఇక్కడి ఆహార నియంత్రణ సంస్థ 2015లో తేల్చాక వాటిని క్రిస్కోలోంచి తీసేశారు. మన దేశంలోనూ 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ రెండు శాతం మించకూడదు. ఇదంతా పక్కన పెట్టినా నా ఓటు వెన్నకే. రుచి లేని పొరలెన్ని వస్తే మాత్రం ఏం లాభం?

వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. కాబట్టి విజయవాడలోనో రామగుండంలోనో ఉన్నవాళ్లు రోహిణి కార్తెలో దీని జోలికి పోకపోవడం మేలు. సంక్రాంతి రోజుల్లో, తెల్లవారకముందే, మైదాతో సహా అన్నీ ఫ్రిజ్‌లో చల్లబరిచి చేస్తే చక్కగా వస్తుంది. అక్కడ దొరికే వెన్న బిళ్లల్లో చాలావాటికి ముందే ఉప్పుంటుంది, మళ్లీ వెయ్యక్కర్లేదు.

వత్తేటప్పుడు మధ్యలోంచి బయటికి, ప్రతి రెండు మూడు విసుర్లకీ పిండిని కాస్త తిప్పుకుంటూ పన్నెండు అంగుళాల దాకా వత్తాలి. అంచులు చీలుతుంటే తడిచేత్తో అతికిస్తే సరి. కర్రకి చుట్టి పళ్లెం మీద పరిచేటప్పుడు సాగదియ్యకూడదు, మూలల్లోకి దిగేలా ఎత్తి వదలాలి. సాగదీసింది ఓవెన్లో మళ్లీ వెనక్కి లాక్కుంటుంది.

అంచు మడిచే పని ఫోర్కుతో నొక్కి ముగించబోతుంటే అత్తయ్య నా చెయ్యి పక్కకి నెట్టేశారు. చెక్క అచ్చులు రాకముందు కజ్జికాయలు చేత్తోనే మడిచిన మనిషి. బొటనవేలితో అంచు కొంచెం ముందుకి లాగి, లోపలికి వంచి నొక్కి, ఆ నొక్కిన చోటు నుంచే మళ్లీ లాగి, పళ్లెం చుట్టూ ఆగకుండా అల్లేశారు. చివరి మడత మొదటి మడత కిందికి దూరి ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. ఇక్కడి వంట పుస్తకాల బొమ్మల్లో ఇంత నాజూకైన అంచు నేను చూడలేదు.

లోపల వేసేది గుమ్మడికాయ గుజ్జులాంటి జారుడు పదార్థమైతే క్రస్ట్‌ని ముందే ఒట్టిగా కాల్చుకోవాలి. పైన కాగితం పరిచి, అంచుల దాకా బరువు నింపి, 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. తర్వాత బరువు తీసేసి, అడుగున ఫోర్కుతో పొడిచి, రంగు తిరిగేదాకా ఇంకో పది పదిహేను నిమిషాలు. బరువు లేకపోతే అడుగు పూరీ పొంగినట్టు పొంగుతుంది. బరువుకోసం పింగాణీ గోళీలు అమ్ముతారు గానీ ఆ డబ్బు దండగ. నేను ఎండు శనగలు వాడతాను. ఎన్నిసార్లయినా పనికొస్తాయి. ఒకసారి కాలాక రాత్రంతా నానబెట్టినా సరిగ్గా ఉడకవు. అందుకే వాటి సీసా మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను: “అత్తయ్యా, ఇవి గుగ్గిళ్లకి కాదు.”