రాయదుర్గంలో మందు

సికిందరాబాదులో రైలు దిగి మెట్రో యెక్కితే, బండి మారే పని లేకుండా రాయదుర్గం చేరవచ్చు. 2019కి ముందు యీ సుఖం లేదు. దారిలో బేగంపేట వస్తుంది. ఆ ప్రాంతంలో పాత విమానాశ్రయం దగ్గర వొక పాత బంగళా వుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. అయిదేళ్లకు ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. యీ ముక్క పాఠకులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలి. దీనితో పని పడుతుంది.

మా అక్క కూతురు కాపురం పద్నాలుగో అంతస్తులో. బాల్కనీలో నిలబడితే దుర్గం చెరువు, దానిమీద 2020లో వేసిన తీగెల వంతెన కనబడతాయి. 1998లో గుండ్రటి సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ బండరాళ్లేనట. యిప్పుడు రాయి కనబడితే వింత. అన్నీ అద్దాల మేడలే.

శనివారం సాయంత్రం. పిల్ల కాసేపు తటపటాయించి, "మామయ్యా, మీ దగ్గర దాపరికం యెందుకు? శనివారం నేనొక గ్లాసు కలుపుకుంటాను. కోప్పడతారా?" అంది.

నేను పలకలేదు. చూస్తూ కూచున్నాను.

పొడుగు గ్లాసు నిండా మంచుముక్కలు వేసింది. తక్కువ వేస్తే త్వరగా కరిగి నీళ్లనీళ్లవుతుందట. చిన్న కొలతగిన్నెతో జిన్ను 45 మిల్లీలీటర్లు కొలిచింది. అందులో గుప్పుమన్నది జూనిపర్ కాయల వాసన. దానికి మూడింతలు టానిక్ నీళ్లు, బుడగలు పోకుండా గ్లాసు గోడవెంట మెల్లిగా వొంపింది. చెంచాతో వొక్కసారి కదిపి, నిమ్మబద్ద పిండి అందులోనే వేసింది. అంతే; షర్బతులా గిలక్కొట్టకూడదు సుమండీ.

"టానిక్ అంటే యేమిటే?"

"అదే చేదు, మామయ్యా. క్వినైన్."

నాకు బేగంపేట బంగళా గుర్తొచ్చింది. సింకోనా చెట్టు బెరడునుంచి తీసే క్వినైనే ఆ రోజుల్లో మలేరియాకు మందు. 1860 ప్రాంతాల్లో నీలగిరుల మీద ఆ చెట్లు నాటించారు. లండనులో టానిక్ నీళ్లకు హక్కుపత్రం పుట్టింది 1858లో. యిక్కడి తెల్ల సిపాయిలు ఆ చేదు మింగలేక జిన్ను కలుపుకున్నారని చెబుతారు. యిప్పటి సీసాల్లో క్వినైన్ రుచికి మాత్రమే. జ్వరం తగ్గేటంత వుండదు.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకో ఆలోచన తోచింది. జ్వరానికి వేసుకునేదీ మందే, సారాకొట్టులో తాగేదీ మందే. ఆ రెండర్థాలూ వొకే గ్లాసులో కూచోవడం అప్పుడే చూశాను.

మా యింట్లో మాత్రం ఆ మాటకు వొకటే అర్థం వుండేది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించిన కబురు వూరూరా పాకినప్పుడు, మా అమ్మ కూడా చీపురు పుచ్చుకుని కొట్టుముందు బైఠాయించింది. నేనప్పుడు ఆరో తరగతి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆపేశారు. అప్పటికే నాన్న కాలేయం చెడిపోయింది. ఆ మరుసటి సంక్రాంతికి ఆయన లేడు.

నాన్న యేనాడూ కొలిచి తాగలేదు. యీ పిల్ల కొలుస్తోంది. కొలత వున్నంతమాత్రాన భయం లేదని నేను అనలేను. కొలిచే చేతిని కసరడానికీ నోరు రాలేదు.

"రెండోది కలుపుతావా?"

"లేదు మామయ్యా." కాస్త ఆగి, "అమ్మమ్మతో చెబుతారా?" అంది.

"నేనెందుకు చెబుతాను? చెప్పవలసింది నువ్వు. నాకు జిన్ను లేకుండా వుత్త టానిక్ పొయ్యి."

పోసింది. చేదు కొద్దిగా, తీపి కొద్దిగా. రెండు గుక్కలు తాగానో లేదో ఫోను మోగింది. అమ్మే.

"యేం చేస్తున్నావురా?"

"చేదునీళ్లు తాగుతున్నానమ్మా."

"అయ్యో, జ్వరమట్రా? మందు వేసుకున్నావా?"

ఫోను గట్టిగా వినబడుతోంది. పిల్ల నా మొహం చూసింది. తన గ్లాసు బల్లమీద పెట్టి, ఫోను యిమ్మని చెయ్యి చాచింది.