నాలుగు ప్లగ్గులు, ఒక పదహారు పానా

సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు సన్నగా వణుకుతోందా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోందా? డాష్‌బోర్డులో పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలిగి, ఆరనంటోందా? అయితే ఇలా వచ్చి కూర్చోండి. మన మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు. నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొడుతోంది, మిగిలిన మూడూ దాన్ని కూడా మోస్తున్నాయి. డీజిల్ బండి వాళ్ళు నిశ్చింతగా కాఫీ తాగి వెళ్ళొచ్చు, మీ ఇంజన్లో స్పార్కు ప్లగ్గే లేదు. పెట్రోలు వాళ్ళూ, సీఎన్‌జీ వాళ్ళూ ఉండండి.

“ఇంజను మేం విప్పడమా, బాబోయ్!” అంటున్నారు కదూ. ఒక్కసారి మీ నాన్నగారి బజాజ్ చేతక్‌ని తల్చుకోండి. టూ స్ట్రోకు ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించేవారు. ఆ ఆయిలు కాలీకాలక ప్లగ్గు మూతికి మసి పట్టి బండి నడిరోడ్డు మీద ఆగేది. అప్పుడాయన ఫోను కోసం వెతుక్కున్నారా? డిక్కీలోంచి ప్లగ్ పానా తీసి, ప్లగ్గు విప్పి, ఎమరీ కాగితంతో గీకి, ఉఫ్ మని ఊది, బిగించి, రెండు కిక్కులు కొట్టి వెళ్ళిపోయారు. వెనక సీటావిడ ఈలోగా చంటిపిల్లనెత్తుకుని చెట్టు నీడన నిలబడేది. బ్యాంకు గుమాస్తాలూ, లెక్కల మాస్టార్లూ, ఎల్‌ఐసీ ఏజెంట్లూ ఇస్త్రీ చొక్కాతోనే చేసిన పని అది. దాన్ని రిపేరని కూడా ఎవరూ అనుకోలేదు. డిక్కీలో స్పేరు మైకో ప్లగ్గు ఒకటి ఎప్పుడూ ఉండేది. మైకో అంటే 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, బెంగళూరు వాళ్ళు. 2008లో పేరు బాష్ లిమిటెడ్ అయింది కానీ, కౌంటర్లో ఇప్పటికీ “మైకో ప్లగ్గివ్వు” అనే పెద్దలున్నారు. మైకో మాతృసంస్థ బాష్‌కు ప్లగ్గుతో చుట్టరికం ఇంకా పాతది. జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గాట్‌లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో హై వోల్టేజి మాగ్నెటోనీ, దానికి జతగా స్పార్కు ప్లగ్గునీ తయారుచేశాడు. అప్పటినుంచీ ప్లగ్గు ఆకారం పెద్దగా మారలేదు. అదే తెల్లని పింగాణీ ఒళ్ళు, కొనన చిన్న కడ్డీ, దానిమీదికి వంగిన ఇంకో లోహపు ముక్క, మధ్యన మిల్లీమీటరుకు అటూ ఇటూ సందు.

ఆ సందులోనే అంతా ఉంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. దాంతో ఆ సందు దాటే నిప్పురవ్వ పుట్టదు. అందుకని కాయిల్. అందులో లావు తీగ చుట్లు కొన్ని, సన్నతీగ చుట్లు వేలకొద్దీ. లావు తీగలో కరెంటును ఇంజను కంప్యూటరు ఉన్నట్టుండి తెంపేసరికి సన్నతీగలో 20 వేలో 30 వేలో వోల్టులు లేస్తాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు రవ్వ కొట్టాలి. మారుతి 800 రోజుల్లో బండి మొత్తానికి ఒకటే కాయిల్, ఆ కరెంటును వంతులవారీగా పంచడానికి డిస్ట్రిబ్యూటరు, దాన్నుంచి ప్లగ్గులకు లావుపాటి నల్లవైర్లు. ఇప్పటి బండ్లు చాలావాటిలో ప్రతి ప్లగ్గు నెత్తినా దాని కాయిల్ దానికే ఉంటుంది. డిస్ట్రిబ్యూటరూ పోయింది, వైర్లూ పోయాయి. విప్పడం నిజానికి సులువైంది. భయపెట్టేది పైన వేసిన ప్లాస్టిక్ మూత ఒక్కటే.

రవ్వ కొట్టిన ప్రతిసారీ కడ్డీ కొన ఇసుమంత అరుగుతుంది, సందు పెరుగుతుంది. సందు పెరిగితే దాటించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అది తేవాల్సింది కాయిలే. కాయిల్ మోసి మోసి, లోపలి ఇన్సులేషన్ చిట్లి, ఒకరోజు చేతులెత్తేస్తుంది. మనం కొత్త కాయిల్ కొని అదే అరిగిన ప్లగ్గు మీద కూర్చోబెడతాం. కొన్నాళ్ళకు అదీ పోతుంది. అప్పుడు కంపెనీని తిడతాం. అందుకే చెప్తున్నాను, ప్లగ్గు విప్పి చూడకుండా కాయిల్ కొనకండి. మామూలు నికెల్ ప్లగ్గులు 20, 30 వేల కిలోమీటర్లకే వయసుడుగుతాయి. ఇరీడియం కొన ఉన్నవి లక్ష దాకా లాగుతాయి. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరీడియానికి 2400 దాటాలి మరి. సీఎన్‌జీ వాళ్ళకు ఇంకో మాట. గ్యాసుకు నిప్పంటించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక ప్లగ్గులు ఇంకా ముందే చూసుకోవాలి.

సరే, బానెట్ ఎత్తండి. ఇంజను చల్లారిందా? హెడ్డు అల్యూమినియంది, వేడిమీద ప్లగ్గు విప్పితే థ్రెడ్డు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి పొద్దున్నే, కాఫీకి ముందు. ప్లాస్టిక్ మూత తీస్తే వరసగా కాయిళ్ళు కనిపిస్తాయి. కొన్నింటిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా పక్కకు తప్పించాలి. కాయిల్ కనెక్టరుకు చిన్న లాక్ ఉంటుంది, ఏళ్ళ తరబడి వేడికి అది పెళుసెక్కి ఉంటుంది. నొక్కి, కాస్త లోపలికి తోసి, అప్పుడు వెనక్కి లాగండి, పుటుక్కుమనకుండా వస్తుంది. తర్వాత సాధారణంగా 10 నంబరు బోల్టు ఒకటి. కాయిల్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగితే చప్పరిస్తూ ఊడొస్తుంది.

ఇప్పుడు ఆగండి. పానా గుంటలో పెట్టకముందు టార్చి వేసి లోపలికి చూడండి. దుమ్ముంటే పంపుతోనైనా ఊదేయండి, లేకపోతే ప్లగ్గు తీయగానే అదంతా సిలిండర్లో పడుతుంది. నూనె కనిపించిందా? అయితే రోగం వేరు. టాపెట్ కవర్ ప్యాకింగ్ పాడై ఆయిలు ప్లగ్గు గుంటలోకి దిగుతోంది, ఆ ఆయిలే కాయిల్ అడుగు రబ్బరును నానబెట్టి కరెంటును పక్కదారి పట్టిస్తోంది. ముందు ప్యాకింగ్ మార్పించాలి.

చాలా కార్ల ప్లగ్గుకు 16 నంబరు సాకెట్ సరిపోతుంది, కొన్ని కొత్తవాటికి 14. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్న ప్లగ్ సాకెట్టే కొనండి. విప్పిన ప్లగ్గును అది పట్టుకుని పైకి తెస్తుంది. పొడుగు ఎక్స్‌టెన్షన్, రాచెట్టు. అంతే సరంజామా. విప్పిన ప్లగ్గుల్ని పాత పేపరు పరిచి, 1, 2, 3, 4 అని రాసి, వరసలో పెట్టండి. కలిపేయకండి. ఈ పనంతటిలో నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. డాక్టరు “నాలుక చూపించు” అంటాడే, ఇంజను నాలుక చూపించే చోటు ఇదొక్కటే. కొన లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే కడుపు చల్లగా ఉన్నట్టే. పొడిపొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా రవ్వ బలహీనం. తడిగా, జిడ్డుగా ఉంటే రింగుల దగ్గరో వాల్వుల దగ్గరో ఆయిలు లోపలికి వస్తోంది. సున్నంలా తెల్లబడి, బొబ్బలెక్కి ఉంటే వేడి మితిమీరింది. నాలుగూ ఒకేలా ఉంటే కథ ఒకటి, మూడు బాగుండి ఒకటే తేడాగా ఉంటే కథ ఇంకొకటి, ఆ సిలిండరుదే. సర్వీసు వాళ్ళకు బండి ఒప్పజెప్పేసి లాంజిలో పేపరు చదువుకుంటే ఈ దృశ్యం మనకు దక్కదు, పాత ప్లగ్గులు చెత్తబుట్టలోకి పోతాయి. చేతిఖర్చు మిగలడం కోసమైతే నేను ఇంత చెప్పేవాణ్ణి కాదు. మన దగ్గర ఈ పనికి కూలి అంత పెద్దదేం కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. అక్కడ మెకానిక్ గంటకు తీసుకునేది చూసి, ఊళ్ళో ఏనాడూ పానా ముట్టనివాడు కూడా ఇంటిముందు బానెట్ ఎత్తుతాడు.

కొత్త ప్లగ్గు మాన్యువల్లో రాసిన నంబరుదే కావాలి. “ఇదీ సరిపోద్ది సార్” అన్నది వద్దు. ఒక తమాషా వినండి: ప్లగ్గు వేడిని వదిలే గుణాన్ని తెలిపే అంకె ఎన్‌జీకేలో పెరిగేకొద్దీ చల్లని ప్లగ్గు, బాష్‌లో పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు. దీని అంకెతో దాని అంకెను పోలిస్తే మునుగుతారు. చేయి జారి కింద పడిన ప్లగ్గును వాడకండి, పింగాణీలో కంటికి కనపడని పగులు ఉండొచ్చు. ఇరీడియం కొన జుట్టులా సన్నన, దాన్ని గ్యాపు బిళ్ళతో కెలక్కండి.

బిగించేటప్పుడు రాచెట్టు పక్కన పడేయండి. సాకెట్టూ ఎక్స్‌టెన్షనూ మాత్రమే పట్టుకుని వేళ్ళతో తిప్పండి. చివరిదాకా వేళ్ళకే లొంగాలి. మధ్యలో బిగుసుకుంటే థ్రెడ్డు పక్కకెక్కినట్టే, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెట్టండి. వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గయితే వేళ్ళబిగువు తర్వాత ఇంకో అర చుట్టు, కాస్త పైన. టార్క్ రెంచి ఉంటే మాన్యువల్ చెప్పినంత. బలమంతా చూపించే చోటు కాదిది, హెడ్డు థ్రెడ్డు పోతే ఆ ఖర్చు ముందు నాలుగు కాయిళ్ళ ధర ఎందుకూ చాలదు.

ప్లగ్గులు మార్చాక కూడా మిస్సింగ్ వదల్లేదా? ఇప్పుడు కాయిల్ వంతు. నాలుగూ మార్చేయమని ఎవరైనా అంటే ఒక్క పూట ఆగమనండి. బ్లూటూత్ స్కానరు ఒకటి కొని స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చండి. పి0301 అంటే ఒకటో సిలిండరు, పి0303 అంటే మూడోది. మూడు అన్నదనుకోండి. మూడో కాయిల్ తీసి రెండులో పెట్టండి, రెండోది మూడులో. కోడ్ చెరిపి, ఒక చుట్టు తిరిగి రండి. ఈసారి పి0302 వస్తే దొంగ దొరికినట్టే, కాయిల్ ఒక్కటే కొనండి. మూడు మూడుగానే ఉంటే కాయిల్ నిర్దోషి. పసుపు బొమ్మ వెలిగి ఊరుకోకుండా టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు, బండి నడపకండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతుంది, దాని ధర వింటే కాయిల్ చవక అనిపిస్తుంది.

అన్నీ చూశాక కూడా మొండికేస్తే అది ఇంజెక్టరో కంప్రెషనో, మన పానాలకు అందదు. మెకానిక్ దగ్గరకే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ పాత ప్లగ్గుల్ని నంబర్లతో సహా పొట్లం కట్టి పట్టుకెళ్ళండి. పని తెలిసినవాడైతే బానెట్ కన్నా ముందు ఆ పొట్లం విప్పుతాడు.